ఇంటిల్లిపాదికీ పాజిటివ్

రక్తపరీక్ష రిపోర్టుకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెట్టడం నేను మా చెల్లెలి ఇంట్లోనే చూశాను. పెళ్లిపత్రికైనా, కొత్త బండి కాగితాలైనా, స్థలం దస్తావేజులైనా, బయటినుంచి వచ్చిన ఏ కాగితమైనా ఆ ఇంట్లో ముందు పూజగదిలో ఒక పూట పడుకుని లేవాల్సిందే. ఆ రోజు పడుకున్నది మా చెల్లెలి కోడలి రక్తం సంగతి. ల్యాబు వాళ్ల రంగురంగుల ముద్ర మీద ఒక తులసిదళం కూడా ఉంది. వైరస్‌కి తులసి పడదని కాబోలు.

ముందు రోజు చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పిల్లకు రక్తంలో వైరస్ ఉండాదంట. సోమవారం తీసేద్దామని డాక్టరమ్మ చెప్పినాది. నువ్వొకసారి వచ్చిపో" అంది. ఏం తీసేస్తారో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. కోడలికి మూడో నెల. నిరుడు ఒకసారి రెండో నెలలోనే పోయింది. ఇది రెండోది.

తిరువొత్తియూరులో రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగి ఆటో పట్టుకున్నాను. ఆడి మాసం, అంటే మన ఆషాఢం, తగ్గింపు అమ్మకాల జనంతో పురసవాక్కం హైరోడ్డు కిటకిటలాడుతోంది. ఒక చీర కొంటే ఇంకో చీర ఊరికే అని మైకులో ఒకతను అరుస్తున్నాడు. మా చెల్లెలి ఇల్లు ఆ బట్టల కొట్ల వెనక సందులో ఉంది. మేడ మెట్లెక్కుతుంటే నాకు అనిపించింది, ఆ డాక్టరమ్మ నర్సింగ్ హోమ్ కూడా ఇదే వీధిలో ఉన్నందుకు తగినట్టే వ్యాపారం చేస్తోందని. గర్భిణులకు వాళ్ల దగ్గర వెండి ప్యాకేజీ, బంగారు ప్యాకేజీ, వజ్రం ప్యాకేజీ అని మూడు రకాలున్నాయి. మా వాళ్లు వజ్రం కొన్నారు. వజ్రంలో ఈ పరీక్ష ఉంది, వెండిలో లేదు. వెండి కొనుక్కున్న పిల్ల నిశ్చింతగా కంటుంది. వజ్రం కొనుక్కున్న పిల్లకు కడుపు తీస్తామంటున్నారు.

మా నాన్న ఆదివారం ఆదివారం సంస్కరణ సభలకు తిప్పింది మా ఇద్దరినీ. నేను అక్కడ ఎదుటివాడి మాటలో లొసుగు పట్టుకోవడం నేర్చుకున్నాను. మా చెల్లెలు నాన్న ఒళ్లో నిద్రపోవడం నేర్చుకుంది. నా పెళ్లి రెండు దండలతో అయింది. దాని పెళ్లికి మాత్రం ముహూర్తం పెట్టడానికి కంచినుంచి మనిషి వచ్చాడు. అయినా మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే. అది నన్ను నాస్తికురాలని పదిమందిలో తిడుతుంది, నేను దాన్ని మూఢురాలని పత్రికల్లో తిడతాను. ఇంటికెళితే అది వడ్డిస్తుంది, నేను తింటాను.

ఆ రోజు వడ్డన లేదు. హాల్లో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. మా చెల్లెలు, సౌకార్‌పేటలో గాజుల టోకు వ్యాపారం చేసే మా మరిది, వాళ్లబ్బాయి. కోడలు తన గదిలో ఉంది. తలుపు ఓరగా వేసుంది.

నేను పూజగదిలోకి వెళ్లి రిపోర్టు తీసుకొచ్చాను. చెల్లెలు వద్దంటున్నా వినలేదు. చదివాను. గర్భిణికి ప్రమాదం తెచ్చే కొన్ని రోగాల పేర్లు వరసగా ఉన్నాయి. ప్రతి పేరుకూ ఐజీఎం, ఐజీజీ అని రెండేసి గళ్లు. ఐజీఎం అన్నీ నెగటివ్. ఐజీజీలో రుబెల్లా పాజిటివ్, సైటోమెగలో వైరస్ పాజిటివ్. ఆ పాజిటివ్‌లను ల్యాబు వాళ్లు ఎర్రగా అచ్చు వేశారు. ఇంత పనికీ మూలం ఆ ఎర్ర రంగే.

"ఇందులో రోగం ఎక్కడుందే?" అన్నాను.

"ఎర్రగా ఉండాది గదా, కనపళ్లేదా నీకు?" అంది చెల్లెలు.

ఓపికగానే చెప్పాను. ఒంట్లోకి వైరస్ వస్తే దాన్ని ఎదిరించడానికి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. మొదట వచ్చేవి ఐజీఎం. అవి కొన్నాళ్లకు తగ్గిపోతాయి. వెనకాల వచ్చే ఐజీజీ జీవితాంతం ఉండిపోతుంది. మొదటిది లేకుండా రెండోది మాత్రమే ఉందంటే, ఈ పిల్లకు ఆ వైరస్ ఎప్పుడో వచ్చి పోయిందని అర్థం. చిన్నప్పుడు జలుబులాగానో ఉత్తి జ్వరంలాగానో వచ్చి ఉంటుంది. ఎవరూ గుర్తు కూడా పెట్టుకుని ఉండరు. రుబెల్లాకైతే టీకా వేయించుకున్నా అంతే వస్తుంది. అది ఉండటమే మంచిది.

"నీ చెయ్యి చూపించు" అన్నాను. జాకెట్టు చేతికింద మా చెల్లెలికి చిన్నప్పటి మశూచి టీకా మచ్చ ఉంది, రూపాయి బిళ్లంత. "ఈ మచ్చ చూసి నీకిప్పుడు మశూచి ఉందని ఎవరైనా అంటే ఏం చేస్తావు?"

"ఇది గవర్నమెంటోళ్లు వేసినాది. అది వైరస్ కదక్కా."

"సరే, నీ కొడుక్కి రెండో క్లాసులో అమ్మవారు పోసింది. వేపాకు కట్టావు. తలకు నీళ్లు పోశావు. పోసిన తర్వాత ఇంకా ఉందన్నావా?"

"అమ్మవారంటే తల్లి. చెప్తే వింటాది, పోతాది. వైరస్‌కు ఎవరు చెప్పేది?"

సైన్సు పేరు చెప్పి దేవుడికన్నా మొండిదాన్ని తయారుచేసుకున్నారు వీళ్లు. నేను మరిది వైపు తిరిగాను. కరోనా రోజుల్లో ఈయన యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నాడు. పాజిటివ్ వచ్చింది. ఆ రిపోర్టు ఫోటో తీసి చుట్టాలందరికీ పంపించాడు, తనకు ఇక భయం లేదని. సౌకార్‌పేటలో పక్క కొట్లవాళ్లకు జిలేబీ కూడా పంచాడు. ఆ మాట గుర్తుచేశాను.

"ఆ రోజు పాజిటివ్‌కి జిలేబీ పంచారు. ఈ రోజు పాజిటివ్‌కి కడుపు తీయిస్తారా?"

"వదినా, అది వేరే, ఇది వేరే" అన్నాడు.

"ఏం వేరే?"

"అది నా రక్తం" అన్నాడు. అని, తనేమన్నాడో తనకే వినిపించి, సెల్‌ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఈయన వ్యాపారంలో ఎంత తెలివైనవాడో నాకు తెలుసు. ఒక పెట్టెలో గాజులు చిట్లితే ఎక్కడ చిట్లాయో, ఎందుకు చిట్లాయో కనుక్కునేదాకా సరుకు వెనక్కి పంపడు. గాజుల పాటి విచారణ కూడా ఈ బిడ్డకు దొరకలేదు.

కొడుకు అంతవరకూ మాట్లాడలేదు. కంప్యూటర్లలో తప్పులు వెదకడం వాడి ఉద్యోగం. "పెద్దమ్మా, రిస్క్ వేండాం, వద్దు" అన్నాడు, అరవంలోనే. "బిడ్డకి కళ్లు పోవచ్చు, చెవులు పోవచ్చు అని డాక్టర్ చెప్పారు. గ్యారంటీ ఇవ్వలేమన్నారు."

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి ఎవరిచ్చార్రా గ్యారంటీ?"

"అప్పుడు టెస్ట్ లేదు."

"అందుకే పుట్టావు."

వాడు నవ్వలేదు. నవ్వే పరిస్థితిలో లేడనీ నాకు తెలుసు. నిరుడు పోయినదానికి వాడు ఎంత కుమిలాడో నేను చూశాను. వీళ్లెవరూ క్రూరులు కారు. అదే నాకు ఇంకా మండేది. క్రూరుణ్ణి నిలదీయవచ్చు. భయపడ్డవాణ్ణి ఏం చేస్తాం? వాడి భయాన్ని మూడు రకాల ప్యాకేజీలుగా కట్టి అమ్ముకునేవాళ్లు వీధి చివర ఏసీలో కూర్చుని ఉన్నారు.

నేను లేచి కోడలి గదిలోకి వెళ్లబోతుంటే చెల్లెలు నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "ఆ పిల్ల పెళ్లికి ముందు ఆడెక్కడో హాస్టల్లో ఉండింది గదక్కా. ఆడేమైనా..."

"ఆడేమైనా?"

"సుమ్మా, ఊరికే చెప్పినా. వదిలేయ్."

వదిలేయడం నాకు చేతకాదు. కానీ అప్పుడు వదిలేశాను, తలుపు ఓరగా ఉంది కనుక.

కోడలు మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. గుంటూరు జిల్లా పిల్ల, ఉద్యోగానికని మద్రాసు వచ్చి ఇక్కడే ఈ అబ్బాయిని చూసి పెళ్లి చేసుకుంది. జాతకాలు కుదిరాయని తేలాకే మా చెల్లెలు ఒప్పుకుందనుకోండి. ఆ పిల్ల కళ్లు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అన్నీ విన్నానండీ పెద్దత్తయ్యగారూ. హాస్టల్ కూడా."

"మూర్ఖపు మాట. పట్టించుకోకు."

"మీరు చెప్పిందంతా నేను మొన్ననే చదివానండీ. ఆయనకీ చెప్పాను. ఇంటర్నెట్‌లో ఏదైనా రాస్తారు అన్నారు." ల్యాప్‌టాప్ మూసేసింది. "నాకు ఈ బిడ్డ కావాలండీ. కానీ రాత్రిళ్లు నాక్కూడా భయం వేస్తోంది. ఒకవేళ నేననుకున్నది తప్పయితే? అందరూ ఒకటంటుంటే నేనొక్కదాన్నీ... రెండో డాక్టర్ని చూద్దామంటే, డాక్టరమ్మకి కోపం వస్తుందంటారు అత్తయ్య."

"రేపు నాతో రా" అన్నాను.

నాకు తెలిసిన ఒక పెద్ద డాక్టరమ్మ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో ఉంది. గర్భిణుల విభాగానికి ఆమే పెద్ద. ఆమెకు మర్యాదలు తెలియవు. తెలుసుకునే తీరికా లేదు. మర్నాడు మేం వెళ్లేసరికి వరండాలో బెంచీలన్నీ పొట్టలతో నిండి ఉన్నాయి. మా వంతు వచ్చాక ఆమె రిపోర్టు తీసుకుని చూసింది, మూలల్లో పసుపు చూసి ఒకసారి నా ముఖం చూసింది. నాది కాదన్నట్టు తలూపాను. మా చెల్లెలు పక్కనే ఉంది. రానంటూనే, మేమిద్దరమే వెళితే ఏం అనర్థం జరుగుతుందోనని ఆటో ఎక్కేసింది.

"జ్వరం వచ్చిందా?" అంది డాక్టరు.

లేదంది కోడలు.

"ఒంటి మీద దద్దుర్లు? గొంతు దగ్గర గడ్డలు? స్కాన్‌లో ఏమైనా తేడా?"

లేదు, లేదు, లేదు.

"మరి ఈ పరీక్ష ఎందుకు చేయించారు?"

"మొదటిది పోయిందని, ప్యాకేజీలో ఉందని..." అంది కోడలు.

"మొదట్లో పోయేవి ఎక్కువగా ఆ పిండంలోని లోపంవల్లే పోతాయి. దీనికీ దానికీ సంబంధం లేదు." రిపోర్టు మీద వేలు పెట్టింది. "రుబెల్లా ఉందా? సంతోషించు. లేకపోతే నేను కంగారు పడేదాన్ని. ఇంకొకటి ఈ వైరస్. ఐజీఎం లేదు, ఉత్తి ఐజీజీ. పాత సంగతి. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లందరికీ చేస్తే దాదాపు అందరికీ ఇదే వస్తుంది. నాకూ వస్తుంది. పాతది ఎప్పుడైనా మళ్లీ కొంచెం లేస్తుందా అంటే లేవచ్చు, చాలా అరుదు. దానికి ఎవరూ కడుపు తీయరు. స్కాన్‌లు వేళకు చేయించుకో. ఇనుము మాత్రలు వేసుకుంటున్నావా?"

"మానేసిందమ్మా, అన్నమే తినట్లేదు" అంది మా చెల్లెలు. అరవంలో, ఫిర్యాదుగా.

"సోమవారం తీసేస్తామని చెబితే ఎవరు తింటారు?" అంది డాక్టరు. తర్వాతి మనిషిని రమ్మంది.

బయటికి వచ్చాక కోడలు గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. నేను మా చెల్లెలి వైపు గెలిచినదానిలా చూశాను. అది చెప్పులు వేసుకుంటూ ఉంది.

"ఏమంటావిప్పుడు?"

"ఏమనేది? గవర్నమెంటు డాక్టరు అట్లనే అంటారు. వాళ్లకేం పోతాది? మన డాక్టరమ్మ అరగంట కూర్చోబెట్టి మాట్లాడినాది. ఈమె నిలబెట్టి పంపేసినాది. ఈడ ఊరికే చూస్తారు, ఊరికే చెప్తారు."

ఇంట్లో మరిది కూడా అదే మాట. ఊరికే దొరికేది ఎప్పుడూ ఊరికే దొరికినట్టే ఉంటుందని ఆయన అభిప్రాయం. మెత్తటి సోఫా, గోడ మీద నవ్వే పాపాయి ఫోటో, గాజు గ్లాసులో నీళ్లు, ఇవన్నీ వైద్యంలో భాగమని మధ్యతరగతి నమ్మడం మొదలుపెట్టి చాలా కాలమైంది. అరగంట తప్పు చెప్పిన మనిషి మంచి డాక్టరు. ఐదు నిమిషాలు నిజం చెప్పిన మనిషి మాత్రం కసురుకునే గవర్నమెంటు మనిషి. పూర్వం పురోహితుడి పాండిత్యాన్ని శాలువా పొడవుతో కొలిచేవాళ్లు. ఈ కొలతా అంతే.

సోమవారం దగ్గర పడుతోంది. నాకు ఒక ఆలోచన వచ్చింది. చాలా గొప్ప ఆలోచన అనుకున్నాను. వాదనతో ఒప్పుకోనివాళ్లు రుజువుతో ఒప్పుకుంటారని నన్ను చిన్నప్పటినుంచీ నమ్మించారు మరి. ఇంట్లో ఉన్న అందరికీ ఇదే పరీక్ష చేయిద్దామన్నాను. నాతో సహా.

విచిత్రం ఏమిటంటే ఎవరూ వద్దనలేదు. పరీక్ష అనగానే ఆ ఇంట్లో అందరికీ హుషారు వస్తుంది. "చక్కెర కూడా చూడమందామా?" అన్నాడు మరిది. మర్నాడు పొద్దున్నే ల్యాబునుంచి ఒకామె వచ్చి వరసగా అందరి చేతులకూ రబ్బరు పట్టీ కట్టి రక్తం తీసుకుంది. మా చెల్లెలు ఆమెకు కాఫీ ఇచ్చింది. తూర్పుముఖంగా కూర్చుని రక్తం ఇవ్వవచ్చా అని అడిగింది.

సాయంత్రానికి అందరి ఫోన్లకూ రిపోర్టులు వచ్చాయి. రాత్రి భోజనాల బల్ల దగ్గర అందరం కూర్చున్నప్పుడు నేను ఒక్కొక్కటే పైకి చదివాను. అబ్బాయి, పాజిటివ్. మరిది, పాజిటివ్. చెల్లెలు, పాజిటివ్. నేను, పాజిటివ్. అందరిదీ ఐజీజీనే. ఐజీఎం ఎవరికీ లేదు. అంకెల్లో అందరికంటే పెద్దది మరిదిది. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో పోటీలో నెగ్గిన కళ కనిపించింది.

"చూశారా?" అన్నాను. "ఆ పిల్లకి ఉన్నదే అందరికీ ఉంది. మరిదికి ఆ పిల్లకంటే ఎక్కువుంది. ఎవరికైనా కళ్లు పోయాయా? చెవులు పోయాయా? ఇది ఉండీ నువ్వు వీణ్ణి కన్నావు కదే. వీడు బాగానే ఉన్నాడు కదా?"

తండ్రీ కొడుకులు ఫోన్లు తీసి మళ్లీ చూసుకున్నారు. రుజువు పనిచేస్తోందనుకున్నాను. మా చెల్లెలు వడ్డిస్తున్న గరిటె పట్టుకునే బల్ల మీది గిన్నెలన్నీ చూసింది.

"అయ్యయ్యో, ఇల్లంతా ఉండాదా! గిన్నెలు, పరుపులు... నీళ్ల ట్యాంకు కడిగించి ఎన్నాళ్లయిందండీ?"

మరిది లేచి చేతులు కడుక్కున్నాడు, తినకముందే. అబ్బాయి పెళ్లాం వైపు తిరిగి, "అప్పో నా నుంచి నీకు వచ్చిందా, నీ నుంచి నాకా?" అన్నాడు. నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. బుర్ర ఉన్నవాళ్లు మాట్లాడే మాటలేనా ఇవి అన్నాను. ఇంజనీరింగ్ చదివావు, సిగ్గులేదా అన్నాను. నాన్న పేరు ఎత్తాను. ఎంత పెద్దగా అరిస్తే వాళ్లు అంత భయపడుతున్నారు. భయపడ్డకొద్దీ సోమవారం గట్టిపడుతోందని నా బుర్రకు తోచలేదు.

తోచింది కోడలికి. అంతవరకూ తలవంచుకుని కంచంలో మెతుకులు కలుపుతూ ఉంది. తల ఎత్తి, చాలా మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"అత్తయ్యా, మా జాతకాలు చూసినప్పుడు నాకు కుజదోషం ఉందన్నారు కదా?"

"ఆ, ఉండాది."

"మరి ఎలా ఒప్పుకున్నారు?"

"వాడికీ ఉండాది గదా. ఇద్దరికీ ఉంటే దోషం దోషానికి సరి. దానికి భయం లేదు." ఇంత తెలిసిన విషయం ఎందుకు అడుగుతోందన్నట్టు చూసింది మా చెల్లెలు.

"ఇదీ ఇద్దరికీ ఉంది కదండీ" అంది కోడలు.

గరిటె ఆగింది.

"మామయ్యగారికీ మీకూ కూడా ఇద్దరికీ ఉంది" అంది మళ్లీ. "అందుకే ఈయన బాగా పుట్టారేమో. నాకొక్కదానికే ఉండి ఆయనకు లేకపోతే, అప్పుడు అనుకోవాలి."

నేను నోరు తెరిచాను. కుజుడనేది ఒక గ్రహం, దానికీ సైటోమెగలో వైరస్‌కూ ఏమీ సంబంధం లేదు, పైగా మొగుడికి ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. ఈ వాక్యం మొత్తం నా నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల కింద ఆ పిల్ల పాదం వచ్చి నా పాదం మీద పడింది. మెల్లగా పడలేదు.

మా చెల్లెలు ఆలోచిస్తోంది. దాని ముఖం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. నేను మూడు రోజులు మచ్చలు చూపించి, అమ్మవారిని పిలిచి, జిలేబీలు గుర్తుచేసి, పెద్ద డాక్టరు దగ్గర నిలబెట్టి, రక్తం తీయించి కదిలించలేని ముఖం నా కళ్లముందే కదులుతోంది. భయం వదులవుతోంది. ఆ ముఖం నావైపు తిరిగింది.

"అక్కా, నువ్వు చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవు. నువ్వు చెప్తే నమ్ముతా. ఇదీ అట్లనేనా? ఇద్దరికీ ఉంటే సరేనా?"

ఎంత అన్యాయం చూడండి. నిజం చెప్పినన్నాళ్లూ నేను డాక్టర్ని కాను. ఇప్పుడు నేను అబద్ధం చెప్పనిదాన్నట. మరిది నన్నే చూస్తున్నాడు. అబ్బాయి నన్నే చూస్తున్నాడు, ఎవరైనా తనకు ధైర్యం చెబితే బాగుండునన్నట్టు. వీళ్లందరూ సోమవారం వద్దనుకోవడానికి ఒక దారి కోసం వెదుకుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ నేను చూపించిన దారిలో వాళ్లకు అడుగు పడలేదు. అది నడిచే అలవాటు లేని దారి. ఈ దారిలో కళ్లు మూసుకుని నడవగలరు.

రాశిఫలాలు అచ్చు వేస్తారని ఒక పత్రికకు వ్యాసాలు పంపడం మానేసినదాన్ని నేను. మగపెళ్లివారు జాతకం చూశాకే వస్తామన్నారని ఒక స్నేహితురాలి కూతురి పెళ్లి మాటలు నా ఇంట్లో జరగనివ్వలేదు. కుజదోషం మీద నేను మాట్లాడిన సభల్లో ఒకసారి కుర్చీలు కూడా విసిరారు.

"అట్లనే" అన్నాను. "ఇద్దరికీ ఉంటే భయం లేదు."

రెండో వాక్యంలో అబద్ధం లేదని నన్ను నేను సమర్థించుకోవచ్చు. ఇద్దరికీ ఉన్నా భయం లేదు, ఒక్కరికే ఉన్నా భయం లేదు. కానీ నేను చెప్పింది వాళ్లు దేనికి అవునన్నట్టు విన్నారో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఎదుటిపక్షం వాడు ఎవడైనా ఇలాంటి మాట అనివుంటే వేదిక మీదే బట్టలూడదీసి పంపేదాన్ని.

మా చెల్లెలు గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అక్కడికక్కడే నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేసింది. రాత్రి అక్కడ ఉన్నది ఫోన్ ఎత్తే అమ్మాయి ఒక్కతే.

"సోమవారం మేము రాములేమ్మా. అవునమ్మా, రాము. ఎందుకంటే మా ఇంట్లో అందరికీ ఉండాది. ఆమా, అందరికీ. అబ్బాయికి కూడా. సరికి సరి అయిపోయినాది. డాక్టరమ్మకు చెప్పేయ్."

అవతలి అమ్మాయి ఏమందో తెలియదు. ఏమీ అని ఉండదు. ఆ నర్సింగ్ హోమ్‌లో ఒక బిడ్డను తీయాలంటే ఒక ఎర్ర అక్షరం చాలింది. తీయవద్దంటే కుజుడు చాలాడు. రెంటి మధ్యా ఎవరూ, ఒక్క మనిషీ, ఎందుకని అడగలేదు. మా చెల్లెల్ని నేను ఎంతైనా తిడతాను, అది వంటింటి చదువు తప్ప ఎరగని మనిషి. ఎంబీబీఎస్ పైన ఇంకేదో చదివి, తను రాసిన పరీక్షకు వచ్చిన జవాబు తనే చదవలేని ఆ డాక్టరమ్మను ఏమని తిట్టాలో నాకు తెలుగులోనూ దొరకలేదు, అరవంలోనూ దొరకలేదు.

ఫోన్ పెట్టేశాక మా చెల్లెలు నెయ్యి గిన్నె తెచ్చింది. "తిను, తిను. పప్పు బాగుండాది. రేపటినుంచి మాత్రలు మింగాల" అని కోడలి కంచంలో రెండు గరిటెలు వేసింది. అబ్బాయి మొదటిసారి నవ్వి, పెళ్లాం గ్లాసులో నీళ్లు పోశాడు. మరిది మళ్లీ వచ్చి కూర్చున్నాడు. వైరస్ సంగతి మర్చిపోయినట్టే ఉన్నాడు, మళ్లీ చేతులు కడుక్కోకుండానే ముద్ద కలిపాడు.

ఆ పిల్ల తింటోంది. పెద్ద పెద్ద ముద్దలు చేసుకుని, తల వంచుకుని, ఎవరివైపూ చూడకుండా తింటోంది. పప్పన్నం అయ్యాక చారు పోయించుకుంది. చారయ్యాక పెరుగన్నం అడిగింది. దాని మీద మావిడికాయ తొక్కు వేసుకుంది.

"పెద్దత్తయ్యగారూ, మీరేమీ తినడంలేదు" అంది.

"వేసుకుంటాలే" అన్నాను. పెరుగు గిన్నె ఆమె వైపు జరిపాను.